వేసవి సెలవుల్లో ఊరి నీళ్ల మీద పరిశోధన: డిగ్రీ విద్యార్థులు ఎలా చేయాలి

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు ఊళ్లో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలు, 4 క్రెడిట్లు. ఈ సంగతి కాలేజీలో అందరికీ చెబుతారు. ఆ గంటల్లో ఏం చేయాలో మాత్రం పిల్లలకే వదిలేస్తారు. దాంతో ఏప్రిలంతా ఊరి కోసం వెతుకులాటలో పోతుంది, మే అంతా ఎండకు పోతుంది. ఆఖరి వారంలో జిరాక్స్ షాపు ముందు నలుగురూ కూర్చుని ఒకే పెన్నుతో యాభై ఫారాలు నింపేస్తారు. ఆ రిపోర్టుకూ మార్కులు పడతాయి, కానీ దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు.

ప్రశ్న చిన్నదైతే అవే 180 గంటల్లో పనికొచ్చే పరిశోధన చేయొచ్చు. ఊరివాళ్లు అడుగుతున్న ప్రశ్న తీసుకోండి, వాళ్ల ఎదురుగానే కొలవండి, వచ్చిన లెక్క వాళ్లకే తిరిగి చెప్పండి. ఈ మూడూ ఉంటే అది పరిశోధన. మూడోది వదిలేస్తే ఫారాలు నింపినట్టే. ప్రకాశం, నెల్లూరు ఊళ్లను దృష్టిలో పెట్టుకుని, తాగునీళ్లలో ఫ్లోరైడ్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ పని ఎలాగో చెబుతున్నాం.

ఏ దారిలో వెళ్లాలి

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కాక ఇంకో మూడు దారులున్నాయి. మీ కాలేజీ ఉన్నత్ భారత్ అభియాన్ అనే కేంద్ర పథకంలో ఉంటే ఇప్పటికే అయిదు ఊళ్లయినా దత్తత తీసుకుని ఉంటుంది. కోఆర్డినేటర్ సార్ దగ్గర ఆ జాబితా అడగండి. ఆ ఊళ్లలో పంచాయతీకి కాలేజీ పేరు తెలిసే ఉంటుంది కాబట్టి మొదటి వారం మిగులుతుంది. ఎన్‌ఎస్‌ఎస్ ప్రత్యేక శిబిరం ఏడు రోజులే. సర్వేకు చాలదు గానీ ఊరి పటం గీయడానికి, ఇళ్లకు నంబర్లు వేయడానికి చాలినంత మంది చేతులు దొరుకుతాయి. అంశం పంటల మీదైతే నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలను ముందే కలవండి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్పుల సంగతి వేరు. వాటికి ముందటి ఏడాది చివర్లోనే దరఖాస్తు చేయాలి, పని ఎక్కడో ల్యాబులో ఉంటుంది. ఊరి పనితో దాన్ని కలపకండి.

ఏ ప్రశ్న తీసుకోవాలి

వేసవిలో ఎవరు ఇంటి పట్టున ఉంటారో చూసుకుని ప్రశ్న ఎంచుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. కొత్తపట్నం, రామాయపట్నం, జువ్వలదిన్నె వైపు మరపడవల వాళ్లు ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఆ 61 రోజులూ ఇల్లు ఎలా గడుస్తుంది, అప్పు ఎవరి దగ్గర పుడుతుంది అని అడగడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి అదను ఉండదు. పొగాకు మీద చేయాలనుకుంటే ఒంగోలు, టంగుటూరు, పొదిలి, కనిగిరి, కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలున్నాయి. కట్టె ఖర్చు, బ్యారన్ (ఆకు ఆరబెట్టే గది) కూలీ, బేలు తిరస్కరిస్తే తిరుగు ప్రయాణపు బాడుగ, అన్నీ రైతుకు వేలం రోజుల్లోనే నోటి మీద ఉంటాయి. నెల్లూరు డెల్టాలో ఎడగారు, అంటే రెండో పంట వరికి నీళ్లు ఇస్తారా లేదా అన్నదే వేసవి మాట.

ఇక్కడ మాత్రం తాగునీళ్లను తీసుకుని చివరిదాకా చూపిస్తున్నాం. పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో, అంటే కనిగిరి, పామూరు, వెలిగండ్ల, పొదిలి, దర్శి వైపు, నెల్లూరులో ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ పాత సమస్య. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి తొలిసారి 1937లో వైద్య పత్రికకు ఎక్కింది ఈ ప్రాంతమే. అప్పుడిది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. వైద్యుల కన్నా ముందు రైతులే ఎద్దులు కాళ్లు ఈడ్చడం చూసి నీళ్లలో ఏదో ఉందని గమనించారని చెబుతారు. ఊరివాళ్ల కంటికి ముందే కనబడిన విషయాన్ని మీరు అంకెల్లోకి తెస్తున్నారు, అంతే.

‘మా మండలంలో ఫ్లోరైడ్ సమస్య’ అంటే అది పరిశోధన ప్రశ్న కాదు, వ్యాసానికి పెట్టే పేరు. ప్రశ్న ఇలా ఉండాలి: ఈ ఊళ్లో ఏ ఇళ్లు ఏ నీళ్లు తాగుతున్నాయి, ఏ నీళ్లతో వండుతున్నాయి, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత? మినరల్ నీళ్లు కొంటున్న ఇంట్లో కూడా వంటకు బోరు నీళ్లే వాడితే ఫ్లోరైడ్ కడుపులోకి పోతూనే ఉంటుంది. చాలా సర్వేలు ఇక్కడే దెబ్బతింటాయి. ‘తాగే నీళ్లు ఏవి’ అని అడిగి, ‘బబుల్’ (మినరల్ నీళ్ల క్యాను) అని రాసుకుని వచ్చేస్తారు.

ఫిబ్రవరి, మార్చిలో చేయాల్సినవి

మొదట కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకోండి. అందులో మీ పేర్లు, ఊరి పేరు, తేదీలు, ఏం అడుగుతారు, ఏం అడగరు అన్నవి నాలుగు వాక్యాల్లో ఉండాలి. మూడు కాపీలు చేయించండి. ఒకటి సర్పంచ్‌కు, ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. మూడోది ఎప్పుడూ మీ సంచిలోనే ఉండాలి. సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును తప్పకుండా కలవండి. ఏ బోరు ఏ ట్యాంకుకు ఎక్కుతుంది, ఏ లైను ఏ బజారుకు పోతుంది అన్నది ఆయనకే తెలుసు.

గ్రామీణ నీటి సరఫరా విభాగం పాత పరీక్ష ఫలితాలు కావాలంటే రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు కింద అడిగితే గడువు 30 రోజులు. మే నెలలో పెడితే జవాబు మీ రిపోర్టు అయ్యాక వస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీళ్లను ఊళ్లోనే పరీక్షించే ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడకం నేర్పించాలన్నది నియమం. మీ ఊళ్లో వాళ్లెవరో, కిట్ ఎక్కడుందో కనుక్కోండి. కిట్ చాలాచోట్ల బీరువాలోనే ఉంటుంది. డబ్బా మీద గడువు తేదీ చూడండి.

జనాభా లెక్కలు చూసేటప్పుడు ఒక చిక్కుంది. 2011 సెన్సస్‌లో ఉన్నవి పాత జిల్లాలు. 2022 ఏప్రిల్‌లో చీరాల, పర్చూరు వైపు బాపట్లలోకి, గూడూరు, వెంకటగిరి వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ఆ తర్వాతా మార్పులు జరిగాయి. జిల్లా పేరు పట్టుకుని వెతికితే తప్పు అంకె చేతికొస్తుంది. మండలం, రెవెన్యూ గ్రామం పేరుతో వెతకండి. రెవెన్యూ గ్రామం, పంచాయతీ ఒకటి కావు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండొచ్చు.

ఊరి పటం, ఇళ్ల ఎంపిక

మొదటి రెండు రోజులు ఫారాలు బయటికి తీయకండి, నడవండి. పెద్ద చార్టు మీద బజార్లు, ట్యాంకు, బోర్లు, చేతిపంపులు, మినరల్ ప్లాంట్లు, బడి, కాలనీలు గీయండి. రచ్చబండ దగ్గర పరిచి పెద్దవాళ్లను సరిచేయమనండి. ‘ఆ బోరు ఎండి మూడేళ్లయింది నాయనా’ లాంటి మాటలు అక్కడే దొరుకుతాయి. తర్వాత ఒక మూల నుంచి మొదలుపెట్టి ప్రతి ఇంటికీ పటం మీద నంబరు వేయండి. తాళం పడిన ఇంటికీ వేయాలి.

ఊళ్లో 400 ఇళ్లు ఉన్నాయనుకుందాం. 95 శాతం నమ్మకంతో, పది శాతం అటూఇటూగా చెప్పాలంటే మామూలు లెక్క 96 ఇళ్లు. ఊరు చిన్నది కాబట్టి దాన్ని సవరించాలి: 96ను 1 + (95 ÷ 400)తో (ఈ 95 అంటే 96లో ఒకటి తక్కువ), అంటే 1.24తో భాగిస్తే దాదాపు 78. ప్రతి అయిదో ఇల్లు తీసుకుంటే 80 వస్తాయి, సరిపోతుంది. ఏ నంబరుతో మొదలుపెట్టాలో 1 నుంచి 5 దాకా చీటీలు వేసి తీయండి. 3 వస్తే 3, 8, 13, 18 అలా. నంబరు పడిన ఇల్లు నచ్చలేదనో కుక్క ఉందనో పక్కింటికి వెళ్తే మొత్తం ఎంపిక పాడైనట్టే.

ఊరి చివర ఇరవై ఇళ్ల యానాది కాలనీ ఉంటే ఈ పద్ధతిలో నాలుగే ఇళ్లు వస్తాయి. నాలుగు ఇళ్లతో ఆ కాలనీ గురించి ఏమీ చెప్పలేం. కాబట్టి అక్కడ ఇరవై ఇళ్లకూ వెళ్లండి. మిగతా 380లో ప్రతి అయిదోది అంటే 76. మొత్తం 96 ఇళ్లు. ఊరంతటికీ శాతం తీసేటప్పుడు మాత్రం ఆ ఇరవైలో చీటీకి వచ్చిన నాలుగే కలపాలి, లేకపోతే లెక్క ఒక వైపుకు ఒరుగుతుంది. కాలనీ ఫలితాన్ని విడిగా చెప్పండి. పైపులైను చివర ఉండేది చాలాచోట్ల ఆ ఇళ్లే కాబట్టి ఈ శ్రమ వృథా కాదు.

ఇద్దరిద్దరుగా తిరగండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. ఆడవాళ్లతో మాట్లాడాలి కాబట్టి జతలో ఒక అమ్మాయి ఉంటే పని సగం తేలికవుతుంది. ఇంటికి 25 నిమిషాలు పడుతుంది. ఒక జత రోజుకు ఎనిమిది ఇళ్లకు మించి చేస్తే చివరి ఫారాల్లో జవాబులన్నీ ఒకేలా కనిపిస్తాయి. రెండు జతలకు ఆరు రోజులు.

ఎప్పుడు వెళ్లాలి

పొద్దున ఆరుకల్లా ఉపాధి పనికి వెళ్లేవాళ్లు వెళ్లిపోతారు. పదకొండు, పన్నెండుకు ఎండలో పడి వస్తారు, అప్పుడు ఎవరినీ కదిలించకండి. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మంచి సమయం. మంచాలు బయట వేస్తారు, నీళ్లు పట్టుకునేదీ అప్పుడే. రోహిణి కార్తె మొదలయ్యేలోపు, అంటే మే 25లోపు ఇళ్ల సర్వే ముగించేయండి. పదకొండు నుంచి నాలుగు దాకా నీడలో కూర్చుని ఆ రోజు ఫారాలు సరిచూసుకోవచ్చు. ఒక్కొక్కరి దగ్గర రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టోపీ ఉండాలి.

పడమటి మండలాల్లో హైదరాబాదు, బెంగళూరు వలసలు ఎక్కువ. తాళం వేసిన ఇల్లు వస్తే వేర్వేరు పూటల్లో మూడుసార్లు వెళ్లండి. అప్పటికీ తీయకపోతే ‘తాళం’ అని రాయండి, వేరే ఇంటిని దాని స్థానంలో పెట్టకండి. ఎన్ని తాళాలో రిపోర్టులో చెప్పాలి.

గడప దగ్గర

‘ఏం పథకం వచ్చింది నాయనా?’ మొదటి ప్రశ్న ఇదే వస్తుంది. ఫారం, ట్యాబ్ చూడగానే ప్రభుత్వ సర్వే అనుకుంటారు. సూటిగా చెప్పండి: ‘పథకం కాదమ్మా, కాలేజీ చదువు. దీనివల్ల డబ్బులు రావు, పేరు తీసేయడాలూ ఉండవు. మీరు తాగే నీళ్ల గురించి అడుగుతాం. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేయమన్నా ఆపేస్తాం.’ ఇలా చెప్పకపోతే బియ్యం కార్డు పోతుందన్న భయంతోనో, ఇల్లు వస్తుందన్న ఆశతోనో జవాబు చెబుతారు. రెండూ మీ లెక్కకు చేటే. ఆధార్ నంబరు, బియ్యం కార్డు నంబరు అడగకండి, మీకు వాటితో పని లేదు. పేరు కూడా అక్కర్లేదు, ఇంటి నంబరు చాలు.

‘మీరు శుభ్రమైన నీళ్లు తాగుతున్నారా?’ అని అడిగితే ఎవరైనా ఔననే అంటారు. ‘నిన్న పొద్దున్నుంచి రాత్రి పడుకునే దాకా తాగిన నీళ్లు ఎక్కడ పట్టారు?’ అని అడగండి. నిన్నటి రోజు అందరికీ గుర్తుంటుంది. తర్వాత వంట నీళ్లు, పొలానికి తీసుకెళ్లిన నీళ్లు, పిల్లలకు అంగన్‌వాడీలో, బడిలో తాగే నీళ్లు. ప్రతిదీ వేరు ప్రశ్న. పొలం ప్రశ్న మరవకండి. ఇంట్లో బబుల్ తాగే మనిషి చేను కాడ బోరు నీళ్లే తాగుతాడు, అదీ ఎండలో ఎక్కువగా.

అన్నం గురించి ఇంకొకటి అడగాలి: గంజి వారుస్తారా, అత్తెసరు పెడతారా? వారిస్తే నీళ్లలో కొంత బయటికి పోతుంది. అత్తెసరయితే పోసిన నీళ్లన్నీ అన్నంలోనే ఉంటాయి, కుక్కర్ కూడా అత్తెసరే.

ఎన్ని నీళ్లు తాగుతారంటే ఎవరూ లీటర్లలో చెప్పలేరు, ‘అయిదారు చెంబులు’ అంటారు. సంచిలో గీతలున్న లీటరు జగ్గు పెట్టుకోండి. ‘ఏ చెంబమ్మా, ఒకసారి చూపిస్తారా’ అని అడిగి, దాన్ని ఆమె ఎంత మేర నింపి తాగుతుందో అంతే నింపమని, జగ్గులోకి వంచి కొలవండి. కొన్ని చెంబులు అర లీటరు, కొన్ని దాదాపు లీటరు. కొలవకుండా ‘చెంబు’ అని రాస్తే రెండింతల తేడా వస్తుంది. కొలిచిన నీళ్లు పారబోయకండి, బిందెలోనూ తిరిగి పోయకండి. మొక్కకో గేదె తొట్టిలోనో పోయండి. వేసవిలో నీళ్లు పారబోస్తే ఆ ఇంట్లో ఇక మాటలుండవు.

ఈ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారో కూడా రాయండి. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గారమచ్చలు పడేది చిన్నతనంలో పన్ను తయారయ్యేటప్పుడు. కాపురానికి వచ్చిన కోడలి పళ్లు పుట్టింటి నీళ్ల సంగతి చెబుతాయి, అత్తగారి ఊరిది కాదు.

అసలు సర్వేకు ముందు ఎంపికలో లేని అయిదు ఇళ్లలో ప్రశ్నలు పరీక్షించండి. జనం తడబడిన ప్రశ్న మార్చండి. ఫోన్‌లో నింపాలనుకుంటే కోబో టూల్‌బాక్స్ అనే సర్వే యాప్ ఉచితం, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, తెలుగులో ఫారం పెట్టొచ్చు. అయినా పది కాగితం ఫారాలు దగ్గర ఉంచండి. మే నెల ఎండకు ఫోన్ వేడెక్కి ఆగిపోవడం మామూలే.

నీళ్ల శాంపిళ్లు

పని మొత్తంలో ఓపిక కావాల్సింది ఇక్కడ. ఇంటింటి నీళ్లు అక్కర్లేదు, మూలాలు పట్టుకోండి. ప్రతి పంచాయతీ బోరు, వాడుకలో ఉన్న ప్రతి చేతిపంపు, ట్యాంకు తర్వాత మొదటి కుళాయి, లైను చివరి కుళాయి, ప్రతి మినరల్ ప్లాంటుకు వచ్చే నీళ్లు, అక్కడి నుంచి పోయే నీళ్లు, ట్యాంకర్ వస్తే అది. మామూలు ఊరికి 20 నుంచి 30 శాంపిళ్లు అవుతాయి.

కొత్త పాలిథిన్ సీసాలు, 250 లేదా 500 మిల్లీలీటర్లవి కొనండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు అసలే వద్దు. కోలాలో ఉండే ఫాస్ఫేట్ అడుగున మిగిలినా రంగు పరీక్ష తప్పుతుంది. బోరును అయిదు నుంచి పది నిమిషాలు ఆడనిచ్చి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక పట్టండి. అవే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిచి, అంచు దాకా నింపి, మూత బిగించండి. నంబరు మూత మీద కాదు, సీసా మీద రాయాలి. మూతలు మారిపోతాయి. పుస్తకంలో నంబరు, చోటు, తేదీ, టైము, బోరు లోతు, ఎంతసేపు ఆడించారు అన్నవి అక్కడికక్కడే రాసేయండి. ఫ్లోరైడ్ పరీక్షకు యాసిడ్ కలపక్కర్లేదు. నీడలో ఉంచితే ల్యాబుకు చేర్చడానికి 28 రోజుల వ్యవధి ఉంది.

కిట్‌తో చూసేటప్పుడు నీళ్ల కొలత, చుక్కల సంఖ్య, ఆగాల్సిన నిమిషాలు డబ్బాలోని కాగితం మీద ఉన్నట్టే పాటించండి. చాలా కిట్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ రంగు గులాబీ నుంచి పసుపు వైపు జరుగుతుంది. రంగు కార్డుతో పోల్చేటప్పుడు నీడలో, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. ఇద్దరు చూడాలి, ఒకరికొకరు చెప్పుకోకుండా విడివిడిగా అంకె రాయాలి. రెండూ కలవకపోతే మళ్లీ చేయాలి. రోజూ మొదట డిస్టిల్డ్ వాటర్, అంటే షాపుల్లో దొరికే బ్యాటరీ నీళ్లు పరీక్షించండి. సున్నా దగ్గర రాకపోతే మందు పాడైనట్టు. ఒకే బోరు నీళ్లు రెండు సీసాల్లో వేర్వేరు నంబర్లతో పెట్టి, పరీక్ష చేసేవాళ్లకు చెప్పకుండా ఇవ్వండి. మీ చేయి ఎంత కుదురుగా ఉందో అప్పుడు తెలుస్తుంది. రంగు కార్డులో చివరి అంకె దాటిపోతే సగం శాంపిల్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

కుళాయి నీళ్లలో అంకె బోరు కన్నా ఎక్కువ వచ్చిందా? ట్యాంకులో బ్లీచింగ్ వేసి ఉంటారు. క్లోరిన్ ఆ రంగును విరిచేస్తుంది, ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. శుభ్రమైన ప్లాస్టిక్ గిన్నెలో రాత్రంతా మూత లేకుండా ఉంచి మర్నాడు చూడండి. క్షారం బాగా ఎక్కువున్న నీళ్లలోనూ కిట్ అంకె పక్కకు జరుగుతుంది. అందుకే ప్రతి పదింటిలో ఒకటి ల్యాబుకు పంపాలి. కిట్ 1.0కీ 1.5కీ మధ్య చూపినవైతే అన్నీ పంపాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు. తాగొచ్చో లేదో తేలేది ఆ రెండు గీతల మధ్యే. అక్కడ కిట్ మాట ఒక్కటే నమ్మకూడదు.

టీడీఎస్ మీటరు చవక, చేతిలో ఇముడుతుంది, అంకె వెంటనే చూపిస్తుంది. అందుకే దానితో మోసపోయేవాళ్లు ఎక్కువ. అది నీళ్లలో మొత్తం లవణాలు ఎంతో అంచనా వేస్తుంది, ఫ్లోరైడ్‌ను చూడలేదు. 400 టీడీఎస్ ఉన్న తీపి నీళ్లలోనూ ఫ్లోరైడ్ 2 దాటి ఉండొచ్చు. నాలుకకూ తెలియదు. ఊళ్లో ‘ఉప్పు నీళ్లు చెడ్డవి, తీపి నీళ్లు మంచివి’ అనే లెక్క ఉంటుంది. ఫ్లోరైడ్ విషయంలో ఆ లెక్క చెల్లదు. కాచినా పోదు. నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. గుడ్డ వడకట్టు, క్యాండిల్ ఫిల్టరు కూడా దాన్ని తీయలేవు.

మినరల్ ప్లాంటు దగ్గర ఇంకో కొలత తీసుకోండి. 20 లీటర్ల బబుల్ నిండేలోపు వదిలేసే పైపు కింద ఎన్ని బక్కెట్లు నిండాయో లెక్కపెట్టండి. ఆ వదిలేసిన నీళ్లలో ఫ్లోరైడ్ ముందుకన్నా చిక్కగా ఉంటుంది. అవి ఏ కాలవలోకి, ఎవరి గేదెల దగ్గరికి పోతున్నాయో పటం మీద గీయండి. యజమానికి ముందే చెప్పి చేయండి. రిపోర్టులో ప్లాంటు పేరు బదులు నంబరు రాయండి.

చేయకూడనివి

రక్తం, మూత్రం తీసుకోవద్దు. వాటికి వైద్య నీతి సంఘం అనుమతి కావాలి, రెండు నెలల్లో అది అయ్యే పని కాదు. పళ్లు చూసి, మోకాళ్లు చూసి ‘మీకు ఫ్లోరోసిస్’ అని చెప్పొద్దు. అది శిక్షణ ఉన్న డాక్టరు పని. వంగిపోయిన నడుముల, పిల్లల పళ్ల ఫొటోలు తీయొద్దు. రిపోర్టుకు వాటివల్ల ఒక్క అంకె కూడా కలవదు, పెళ్లి సంబంధం చూస్తున్న ఇంటికి మాత్రం నష్టం. గ్రానైటు క్వారీ ధూళి లాంటి అంశాలు కూడా వేసవి ప్రాజెక్టుకు పెట్టుకోకండి. పనిముట్లు, అనుమతులు మీ చేతికి అందవు.

లెక్క కట్టడం

180 గంటలు ఇలా సర్దుకోవచ్చు: పాత రికార్డులకు 15, పటానికి 10, ముందస్తు పరీక్షకు 10, సర్వేకు 40, శాంపిళ్లకు 25, లెక్కలకు 35, రాయడానికి 30, ఊరికి తిరిగి చెప్పడానికి 15. చివరి 15నే అందరూ సర్వేకు వాడేసుకుంటారు. దాన్ని ముట్టుకోకండి.

ఇంటివారీగా రోజుకు కడుపులోకి వెళ్లే ఫ్లోరైడ్ అంచనా వేయండి. ఒకాయన 700 మిల్లీలీటర్ల చెంబుతో అయిదు తాగితే 3.5 లీటర్లు. ఆ బోరు 2.2 చూపితే 3.5 × 2.2 = 7.7 మిల్లీగ్రాములు. పక్కింట్లో అంతే తాగినా నీళ్లు 0.4 ఉన్న ప్లాంటువైతే 1.4. దీనికి వంట నీళ్లు కలపాలి. ఊరంతటికీ సగటు తీయకండి. 0.4, 2.2 కలిపి ‘ఊరి సగటు 1.3, ఫర్వాలేదు’ అని రాస్తే బోరు తాగే ఇల్లు కనిపించకుండా పోతుంది. మూలంవారీగా, బజారువారీగా చెప్పండి. అంకెలు వరసలో పెట్టి నడిమి అంకె, అన్నిటికన్నా చిన్నది, పెద్దది రాయండి. ఎన్ని ఇళ్లలో అన్నది ప్రతి శాతం పక్కనా ఉండాలి.

కీళ్ల నొప్పులు ఎంతమంది చెప్పుకున్నారో రాయొచ్చు. ‘ఫ్లోరైడ్ వల్లే’ అని మాత్రం రాయకండి. నాట్లు వేసి, రాళ్లు మోసి కూడా కీళ్లు నొస్తాయి. మీ సర్వేకు ఆ రెండిటినీ విడదీసే శక్తి లేదు.

ఊరికి తిరిగి చెప్పడం

ల్యాబు ఫలితాలు వచ్చాకే చెప్పాలి. ఒక్క పేజీ, పెద్ద అక్షరాలు, తెలుగు. పటం మీద ఒక్కో బోరు పక్కన అంకె రాసి, కింద ఈ మూడు మాటల్లో ఆ నీళ్లకు సరిపోయేవి పెట్టండి: ‘తాగొచ్చు’, ‘తాగడానికే కాదు, వంటకూ వద్దు’, ‘గిన్నెలకు బట్టలకు వాడొచ్చు’. ముందు సర్పంచ్‌కు, ఇంజనీరింగ్ అసిస్టెంటుకు చూపించండి, లేకపోతే తమను దోషులుగా నిలబెట్టారనుకుంటారు. తాగొద్దని తెలిపే ఎర్ర రంగు చేతిపంపుకు మీరే పూయకండి. పంచాయతీ చేత పూయించండి. తర్వాత సాయంత్రం ప్రతి వాడలోనూ విడిగా చెప్పండి. రచ్చబండ దగ్గర ఒక్కసారి చెబితే కాలనీ వాళ్లు, ఆడవాళ్లు రారు. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు, బడికి ఒక్కో కాపీ ఇవ్వండి.

నీటి సరఫరా విభాగానికి రాసే ఉత్తరంలో ఒకే కోరిక పెట్టండి, అదీ చేయగలిగేది. ‘సమస్య పరిష్కరించాలి’ అంటే ఫైల్లోకి పోతుంది. ‘పడమటి బజారు లైనును 3వ బోరు నుంచి తప్పించి 1వ బోరుకు కలపాలి, రెండిటి ల్యాబు ఫలితాలు జతచేశాం’ అంటే చదివేవారికి ఏం చేయాలో తెలుస్తుంది. ఉత్తరం అందినట్టు కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి.

ఇక్కడ ప్రధాన వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేలో బోర్లు అడుగంటినప్పటి అంకె, వానలు పడి నీళ్లు పైకొచ్చాక అంకె ఒకటి కాకపోవచ్చు. సీసాల నంబర్ల పుస్తకం మీ జూనియర్లకు ఇచ్చి, డిసెంబరులో అవే బోర్ల దగ్గర, అదే పద్ధతిలో మళ్లీ పట్టించండి. పుస్తకం మొదటి పేజీలో బోరును ఎన్ని నిమిషాలు ఆడించారో రాసి ఉందో లేదో ఇచ్చే ముందు ఒకసారి చూసుకోండి.